గురమ్మకు ఎన్నో నంబరు

కోయిలకుంట్ల, 6-3-2004

సిస్టరమ్మ ప్రమీలారాణి గారికి మగ్గం నేసే ఆదెన్న నమస్కారాలు.

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. మన్నించండి. చదువు నాలుగో తరగతిలోనే ఆగింది.

మా ఇంటామె గురమ్మకు రొమ్ము క్యాన్సరుకు మీ వార్డులో కరెంటు పెట్టడం, అదే మీరు రేడియేషన్ అనేది, అయిపోయి ఇంటికొచ్చాము. కరెంటు తగిలిన చోట తోలు చూసి, మీ కాగితం ప్రకారం నంబరు వేసి వారం వారం రాయమన్నారు. ఒకటైతే లేత ఎరుపు, నాలుగైతే పుండు. మూడొస్తే వెంటనే తీసుకురమ్మన్నారు.

ఆమె చూడనివ్వదు. నాకూ అడగబుద్ధి కాలేదు. ఇద్దరు పిల్లల్ని కన్నాము గాని, పగటిపూట అటు చూసిన మనిషిని కాను. అందుకని ఏ రంగుందో ఒక నూలు పోగు ఏరివ్వమన్నాను. తలుపేసుకుని ఇచ్చింది. ఇందులో పెట్టాను. నంబరు మీరే వేసుకోండి.

ఇట్లు, ఆదెన్న

తా.క. ఫోను చేయమన్నారు. ఎస్టీడీ బూతు ముందర బెంచీ మీద ఊరంతా కూర్చొని ఉంటుంది. రొమ్ము అనే మాట అక్కడ అనలేను. ఇక్కడ రాయడానికే రెండు కాగితాలు చింపాను.

&nbsp;

కర్నూలు, 10-3-2004

పెద్దాయన ఆదెన్న గారికి,

పోగు అందింది. లేత గులాబీ, అంటే ఒకటి. కానీ నాకొక అనుమానం. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు అంత తేటగా కనిపించదు, నల్లబడినట్టు ఉంటుంది. ఈ గులాబీ ఎలా కుదిరింది?

రంగుకన్నా తడి ముఖ్యం. చంక మడతలో, రొమ్ము కింద తోలు ఊడి చెమ్మగా ఉంటే రెండు. అది మడత దాటి పాకితే మూడు. వదిలేస్తే చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. దయచేసి మీరే చూడండి.

ఇట్లు, ప్రమీలారాణి

తా.క. పోగును కేసు షీటుకు పిన్ను కొట్టాను. ఇది ఏ టెస్టు రిపోర్టని డాక్టరు గారు అడిగారు.

&nbsp;

కోయిలకుంట్ల, 13-3-2004

సిస్టరమ్మకు నమస్కారం.

మీ ఉత్తరం గురమ్మకు చదివి వినిపించాను. చంక దాకా చదివి, కాగితం ఆమె చేతికిచ్చి బయటికి పోయాను.

తడి సంగతి అడిగితే, "ఎండాకాలం చెమట పట్టకుండా ఉంటాదా" అనింది. ఈ వారం పోగు పెట్టాను.

ఇట్లు, ఆదెన్న

తా.క. జాకెట్టు మాని నా పాత చొక్కా వేసుకుంటోంది. నాకన్నా ఆమెకే బాగుంది. ఆ మాట ఆమెతో అనలేదు.

&nbsp;

కర్నూలు, 17-3-2004

ఆదెన్న గారూ,

ఈసారి వచ్చింది చిలకపచ్చ పోగు. చీము పట్టిందా? వాసన వస్తోందా? జ్వరముందా? దీనికి నేను నంబరు వేయలేను. పోగులు ఆపండి. ఉత్తరం అందిన వెంటనే ఆమెను తీసుకుని బస్సెక్కండి.

ప్రమీలారాణి

తా.క. చిలకపచ్చ తోలు తన సర్వీసులో చూడలేదని డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు.

&nbsp;

మీ వార్డు వరండా, 19-3-2004

సిస్టరమ్మకు,

మీరు లోపల గురమ్మను చూస్తున్నారు. నోటితో చెప్పలేక బయట బెంచీ మీద కూర్చొని ఇది రాసి వార్డు ఆయమ్మ చేతికిస్తున్నాను.

పచ్చ ఎందుకిచ్చావని అడిగాను. "ఎర్రది చీర అంచుకు కావల్ల. పచ్చది మిగిలిందే కదా, అదిచ్చినా" అనింది. ముందరి గులాబీ కూడా మిగిలిందేనట. అసలు చూసుకోనే లేదట.

"చూసుకోవాలంటే శానా భయమప్పా. నువ్వే చూడు. కండ్లు మాత్రం మూసుకో" అనింది.

కళ్లు మూసుకునే ఆమె చొక్కా తీయబోయాను. రాలేదు, ఒంటికి అంటుకుంది. గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా వదిలించాను. చేతికి తడి తగిలింది. మడత దాటినా తగులుతూనే ఉంది. అప్పుడు కళ్లు తెరిచాను.

"ఎన్నో నంబరు?" అనింది.

"ఒకటే" అన్నాను.

"కండ్లు మూసుకోని ఎట్ట చెప్తాండావు?" అనింది. నేను మెత్తటి గుడ్డ కప్పి బస్సుకు బయలుదేరదీశాను. ఆమె మళ్లీ అడగలేదు. బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఒకటేనని నమ్మిందో, నాకోసం నమ్మినట్టు నటించిందో తెలియదు. మీరేసే నంబరు ఆమెతో అనకండి, ముందు నాకు రాయండి. మూడైనా సరే, నాలుగు కాకుంటే చాలు.

ఇట్లు, ఆదెన్న

తా.క. వేరే కాగితం వెతకొద్దు, దీని వెనకే రాసి పంపండి. నేను బెంచీ మీదే ఉన్నాను. తొందరగా జవాబు రాయండి.