ఓడలో వచ్చినవి

డెలానీపూర్, పోర్ట్ బ్లెయిర్
17 ఫిబ్రవరి 2008, ఆదివారం

చిరంజీవి క్యారొలిన్‌కు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ప్రభువు దయవల్ల నేనూ మీ అమ్మా ఇక్కడ ఆరోగ్యంగానే ఉన్నాం. విశాఖలో నువ్వు సుఖంగా ఉన్నావని, నీ చదువు బాగా సాగుతోందని తలుస్తాను. అబర్డీన్ బజార్‌లో కొత్త కళ్లద్దాలు చేయించుకున్నాను. ఈసారి నా అక్షరాలు కొంచెం తిన్నగా ఉంటాయి.

నీ ఉత్తరం నవంబరులోనే అందింది. వెనకటి రోజుల్లో సముద్రాలు దాటి వచ్చిన ఓడలు నికోబార్‌కు ఏం తెచ్చాయో, వాటివల్ల ఆ మనుషులూ ఆ నేలా ఎలా మారారో పరిశోధన చేస్తున్నానని రాశావు. మార్చిలో అక్కడి మన కమోర్టా దీవికి వచ్చి సైమన్ పెదనాన్న మాటలు రికార్డు చేసుకుంటానన్నావు. ఫోనులో నేను "చూద్దాంలే" అని దాటేశాను. నీకు కోపం వచ్చింది. కోపం న్యాయమే. ఫోనులో చెప్పలేకే కాగితం పట్టుకున్నాను.

సైమన్ భయ్యా దగ్గర విన్న సంగతులు ముందు రాస్తాను. వాళ్ల తాతగారింట్లో దూలానికి వెండి చెంచాలు వేలాడుతూ ఉండేవట. వాటితో ఎవరూ తిన్నది లేదు. మంచినీళ్లకూ కొబ్బరికాయలకూ ఆగిన ఓడలవాళ్లు ఇచ్చినవి. కత్తులూ ఎర్రగుడ్డా పొగాకూ కూడా అలా వచ్చినవే. ఓడలు ఎక్కువయ్యేకొద్దీ కాయలు చాలక అడవి కొట్టి కొబ్బరి వేశారు. అంతకుముందు వాళ్లకు అన్నం లాంటిది మొగలిజాతి చెట్టు పండు. ఉడకబెట్టి, పీచు తీసి, ముద్ద చేసుకునేవారు. కొబ్బరితోటలు పెరిగాక ఆ చెట్లను పట్టించుకోవడం తగ్గింది. బొప్పాయి, మిరప, అనాస ఓడల్లో దిగినవేనని నువ్వు రాసింది ఈమధ్య అక్కడికి వెళ్లినప్పుడు చదివి వినిపిస్తే ఆయన నవ్వాడు. "అరే రాజా, అనాస కూడానా? మా అమ్మ అది మాదే అనుకుంటూ పోయింది" అన్నాడు.

నీ కాగితాల్లో ఓడలన్నీ తెల్లవాళ్లవే. నన్ను కూడా అందులో చేర్చమ్మా. ఇరవై ఎనిమిదేళ్లు కమోర్టాలో సైమన్ భయ్యా ఊళ్లోనే కొట్టు నడిపాను. ఎండుకొబ్బరి తీసుకుని బియ్యం, పంచదార, గుడ్డలు ఇచ్చాను. నేను వెళ్లిన కొత్తలో ఆ పండుముద్ద లేని ఇల్లు లేదు. సునామీ నాటికి పిల్లలకు దాని రుచే తెలియదు. నేను ఎవరినీ మోసం చేయలేదు. అయినా ఆ మార్పు నా బియ్యం బస్తాలతోనే వచ్చింది.

ఆ ఆదివారం ఉదయం గురించి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. క్రిస్మస్ మర్నాడు. భూమి ఊగడం ఆగాక మీ అమ్మ గుడికి కట్టుకునే చీర వెతుకుతోంది. సైమన్ భయ్యా పరుగున వచ్చి "సముందర్ పీఛే జా రహా హై! ఊపర్ చలో!" అని అరిచాడు. సముద్రం వెనక్కి పోతోంది, పైకి పదండి అని. మీ అమ్మ మోకాళ్లతో ఎక్కలేకపోతే వీపున వేసుకుని గుట్ట ఎక్కించాడు. అదే సమయంలో ఆయన తమ్ముడు కింద పడవ దగ్గర ఉన్నాడు. మమ్మల్ని దింపి ఆయన వెనక్కి తిరిగేసరికి కింద ఊరు లేదు. ఆ పూట ముప్పై ఒక్కమంది పోయారు. ఆ తమ్ముడు కూడా.

తర్వాత నేల కుంగి తోటల్లో ఉప్పునీరు నిలిచింది. కొబ్బరిచెట్లు నిలబడ్డ చోటే ఎండిపోయాయి. జనం రేకుల షెడ్లలోకి, రేషన్ బియ్యంలోకి వచ్చారు. నేను కొట్టు వదిలేసి ఇక్కడికి వచ్చేశాను. కానీ మనసు కుదురుగా లేదు. మొన్న నవంబరులో సిప్పీఘాట్ దగ్గర ఇంటివెనక నారు పెంచే కన్నారావు దగ్గర మూడువందల కొబ్బరి మొక్కలు తీసుకుని, ఆ దీవిలో దిగడానికి సర్కారు పాసు తెచ్చుకుని ఓడెక్కాను.

జెట్టీ మీద సైమన్ భయ్యా నన్ను కావలించుకున్నాడు. మొక్కల్ని మాత్రం ఊళ్లోకి రానివ్వలేదు.

"ఈ సంచుల్లో మట్టి ఎక్కడిది?" అని అడిగాడు.

"పోర్ట్ బ్లెయిర్‌దే. మంచి మట్టి భయ్యా" అన్నాను.

ఆయన అక్కడే కూర్చుని ఒక్కో సంచి చింపి, మట్టి వేళ్లతో నలిపి చూడడం మొదలుపెట్టాడు. కుర్రవాళ్లు విసుక్కున్నారు. మూడేళ్లుగా చేతిలో పని లేనివాళ్లు, పాపం. నాకూ చిన్నతనంగానే అనిపించింది. ఇరవై మూడో సంచిలో సగ్గుబియ్యం లాంటి తెల్లటి గుడ్లు దొరికాయి. ఆఫ్రికా నత్తవి. యుద్ధకాలంలో జపానువాళ్లతో అండమాన్‌కు వచ్చిందంటారే, మీ అమ్మ బెండమొక్కలన్నీ తినేసేది, అదే. వాళ్ల ఊళ్లో అది ఇంతవరకూ లేదు. నా చేతులతో నేనే దించబోయాను.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అన్నీ సముద్రంలో పడేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మొక్క ఏం చేసింది? మట్టి తీసేద్దాం" అన్నాడు. రెండు రోజులు అందరం కూర్చుని మొక్కల వేళ్లు కడిగాం. ఆ మట్టినీ సంచుల్నీ ఎండుమట్టల మంటలో కాల్చాం. మొక్కల్ని నెలరోజులు జెట్టీ పక్కన విడిగా ఉంచి రోజూ పొద్దున ఆకు ఆకు చూశాం. ఆ నెలంతా ఆయన షెడ్డులోనే ఉన్నాను.

క్రిస్మస్ వెళ్లాక గుట్టమీద నాటాం. ఒక వరుస నా మొక్కలు, ఒక వరుస అలకు అందకుండా మిగిలిన వాళ్ల సొంతచెట్ల కాయలు. వాటికి పైన మొగలిపండు చెట్లు. మొదటి గుంట వాటికే తవ్వించాడు. నేను బయల్దేరేనాటికి నా మొక్కలు రెండువందల పైచిలుకు నిలదొక్కుకున్నాయి.

నువ్వు తప్పకుండా రా. పాసు సంగతి నేను చూస్తాను. మీ అమ్మ నీకోసం రొయ్యల పచ్చడి పెట్టింది.

ప్రేమతో,
మీ నాన్న
రాజబాబు

తా.క.: పైన రాసినదంతా నిజమే. అసలు సంగతి మాత్రం ఇంకా రాయలేదు. ఓడలతో జబ్బులు వచ్చిన జ్ఞాపకం ఎవరికైనా ఉందా అని అడిగావు. నాకుంది.

1983 జూన్‌లో కాకినాడ వెళ్లి తిరిగొస్తుంటే ఓడలో నీకు జ్వరం తగిలింది. దిగే ముందు నీ చెవుల వెనక దద్దుర్లు చూశాను. తట్టు అని నాకు తెలుసు. జెట్టీ దగ్గర ఉండే కాంపౌండరు చూస్తే అదే ఓడలో వెనక్కి పంపేస్తాడని నీ తలకు తువ్వాలు కప్పి దింపేశాను. మీ అమ్మకు చెమటపొక్కులని చెప్పాను. జెట్టీ మీద సైమన్, రెబెకాల కూతురు రూత్ నీకోసం ఎదురు చూస్తోంది. నీకంటే ఏడాది చిన్నది. నెల తిరిగేలోగా పదకొండుమంది పిల్లలకు తట్టు పోసింది. ముగ్గురు పోయారు. రూత్ పోయింది. మరుసటేడే నిన్ను పోర్ట్ బ్లెయిర్ బడికి పంపింది చదువు కోసం కాదు. నువ్వు ఆడుకుంటుంటే ఆ ఇంటివాళ్ల ముందు నేను నిలబడలేకపోయాను.

మొక్కలు చూస్తూ ఒక పొద్దున ఇది సైమన్‌తో చెప్పాను. ఆయన చేతిలోని మొక్కను ఆకు ఆకు చూసి వరుసలో పెట్టాడు. తర్వాత, "రెబెకా ఆ రోజే నీ బిడ్డకు స్నానం చేయిస్తూ చూసింది. మాకు తెలుసు రాజా" అన్నాడు. మరి ఇన్నేళ్లు ఎందుకు అడగలేదు అన్నాను. "అడిగితే నువ్వు వెళ్లిపోయేవాడివి. మా వైపు ఒక బిడ్డ పోయింది. రెండో బిడ్డను కూడా ఎందుకు పోగొట్టుకోవాలి?" అన్నాడు.

నిన్ను రమ్మన్నాడు. జబ్బుతో పిల్లలు పోయారని ఊరికే రాయొద్దట, రూత్ పేరు రాయమన్నాడు. మిగతా ఇద్దరి పేర్లూ ఆయనే చెబుతానన్నాడు.

మీ అమ్మకు నిన్ననే చెప్పాను. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు.

నీ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు తల్లీ. నీకప్పుడు నాలుగేళ్లు. తువ్వాలు కప్పింది నేను. నీ పుస్తకంలో అలాగే, నా పేరు మార్చకుండా రాయి.