శుక్రవారం పెళ్లి

ఏప్రిల్ 11, 1999. ఆదివారం

పెళ్లి ఖాయమైంది. ఎలీషాతోనే. కామత్‌ఘర్‌లో సాంచాలు నడుపుతాడు. నాన్నదీ అదే పని. కరెంటు మగ్గం చప్పుడు తెలియని అల్లుడు మా పద్మనగర్‌లో దొరకడం కష్టం.

బడ్జెట్ పద్దెనిమిది వేలు. జిరాక్స్ షాపు జీతంలో నేను దాచినవి. అప్పు చేసేది లేదని అమ్మకూ నాన్నకూ ఒకేసారి చెప్పేశాను.

అక్క గ్రేస్ పెళ్లి నాకు బాగా గుర్తు. ఆదివారం పెట్టారు. ఇక్కడ ఆదివారం సాంచాలు ఆగవు, పనికి రాకపోతే ఆ రోజు కూలి రాదు. రెండు వందల మందికి వండిస్తే డెబ్బై మంది వచ్చారు. ముప్పై ఏళ్లుగా తనతో పనిచేసినవాళ్ల కోసం నాన్న గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తూనే ఉన్నాడు. బిర్యానీ మిగిలిందని అందరూ బాధపడ్డారు. నాకు మాత్రం నాన్న మొహం చూసి ఒళ్లు మండింది. నా పెళ్లికి అలా జరగనివ్వను. సాంచాల మనుషులు రావాలి, ఎవరి కూలీ పోకూడదు.

ఏప్రిల్ 13

శుక్రవారం. ఇంత చిన్న సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదు? మా ఏరియాకు ప్రతి శుక్రవారం పవర్ బంద్. కార్ఖానాలన్నీ ఆగుతాయి. మే 21, ఫైనల్.

ఏప్రిల్ 18

అమ్మ ఏడ్చింది. ప్రభువు సచ్చిన వారం పెండ్లేంది బిడ్డా, నలుగురు నవ్వరా అంది. గుడ్ ఫ్రైడే ఎప్పుడో అయిపోయిందన్నాను. శుక్రవారాలన్నీ ఒక్కటే అంది. చేయి పట్టుకుని పాస్టర్ గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన హైదరాబాద్ నుంచి వచ్చి నెల కూడా కాలేదు. పెళ్లి ఫలానా వారమే చేయమని బైబిల్లో లేదమ్మా అన్నారు. అమ్మ తలూపింది. ఇంటికి వచ్చే దారిలో మళ్లీ మొదలుపెట్టింది.

ఏప్రిల్ 27

కార్డులు వచ్చాయి. ఒకే రంగు, పల్చటి కాగితం. శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు. నాన్న కార్ఖానాలన్నీ తిరిగి తనే పంచుతున్నాడు. ఈసారి బంద్ రోజే పెట్టినం, రాకుంటె ఊకోను అని అందరినీ బెదిరిస్తున్నాడట. సొంతూళ్లో ఉన్న మేనత్త బుచ్చమ్మకు బస్సు టికెట్ కూడా చేయించాం.

మే 7, మధ్యాహ్నం

చచ్చాను.

మే 7, సాయంత్రం

ధామన్కర్ నాకా దగ్గర ఎలీషా ఆపి చెప్పాడు. పదిహేనో తారీకు నుంచి మా లైన్‌కు బంద్ రోజు మారుతోంది. ఇకమీదట సోమవారం. అంటే నా పెళ్లి రోజు ఊరంతా సాంచాలు నడుస్తాయి.

పెళ్లి సోమవారానికి జరుపుదామంటే ముందు వచ్చే సోమవారానికి బుచ్చమ్మత్త చేరదు, ఆ తర్వాతి సోమవారం పాస్టర్ గారు ఉండరు. నేను ముందే చెప్పలేదా అని అమ్మ అంటుందనుకున్నాను. అనలేదు. అది ఇంకా నరకం. కూలి పోతె పోతది, వచ్చేటోళ్లు వస్తరు అని నాన్న అన్నాడు. ఆ గొంతులో నమ్మకం లేదు.

మే 8

పొద్దున్నే గాలయ్య సేటు దగ్గరికి వెళ్లాను. ఆయన కార్ఖానా చర్చి గోడకు ఆనుకునే ఉంటుంది. ఇరవై ఒకటిన ఒక్క పూట బంద్ పెట్టమని అడిగాను. నీకు పెడితె రేపు పదిమంది అడుగుతరు, ఎట్ల బిడ్డా అన్నాడు. చాయ్ తాగించి పంపాడు. చాయ్ బాగానే ఉంది, అందుకు ఇంకా కోపం వచ్చింది.

బయటికి వచ్చేసరికి ఏడున్నర. ఎనిమిదికి షిఫ్ట్ మారుతుంది. డే షిఫ్ట్ వాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. స్నానం చేసి, తల దువ్వుకుని, చాయ్ బండి చుట్టూ ఊరికే నిలబడ్డారు. ఊరికే అంటే ఊరికే.

పెళ్లి ఉదయం ఏడు గంటలకు. డే షిఫ్ట్ వాళ్లు పెళ్లి చూసి, తిని, పనికెక్కుతారు. నైట్ షిఫ్ట్ వాళ్లు ఎనిమిదికి దిగి, వచ్చి తింటారు. ఇక ఎవరు అడ్డం చెప్పినా వినను.

మే 10

బిర్యానీ క్యాన్సిల్. ఉప్మా, మిర్చి బజ్జీ, జిలేబీ, చాయ్. బడ్జెట్ కూడా ఊపిరి పీల్చుకుంది. జిందగీ అంతా ఉప్మా పెండ్లి అంటరు అని అమ్మ గొణిగింది. అననీ. అనాలంటే ముందు రావాలి కదా.

అయితే తాళి కట్టి నేను గూడ ఎనిమిదికి డ్యూటీ ఎక్కాల్నా అని అడిగాడు ఎలీషా. నేను నవ్వలేదు. అతను వెళ్లాక నవ్వాను.

మే 14

ఎర్ర పెన్ను పట్టుకుని నేనూ నాన్నా మళ్లీ తిరిగాం. పంచిన ప్రతి కార్డూ అడిగి తీసుకుని, పదకొండు కొట్టేసి ఏడు వేశాను. కాళ్లు లాగుతున్నాయి. ఇంకా ఇరవై కార్డులున్నాయి.

మే 20

భయం లేదు. కొంచెం ఉంది.

మే 22

నిన్న చర్చి నిండిపోయింది. కిటికీల బయట కూడా మనుషులే.

గోడ అవతల గాలయ్య సేటు సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. మైక్ ఒక్కటే, అది పాస్టర్ గారి దగ్గర. ఆయన మమ్మల్ని జనం వైపు తిప్పి నిలబెట్టి అడిగారు. ఒప్పుకుంటున్నానని చెప్పాను. నా మాట నాకే వినపడలేదు. ఆయన చెవి దగ్గర చేయి పెట్టుకుని మళ్లీ అడిగారు.

సాంచాల మధ్య ఎవరూ చెవులతో వినరు, పెదాలు చూస్తారు. నేను మళ్లీ నోరు తెరిచేలోపే చర్చి చర్చంతా ఆయన వైపు చేతులెత్తింది. ఒక్క గొంతూ వినపడలేదు. అందరి పెదాల మీదా ఒకటే మాట.

చెప్పింది.