ఒక్క లాగుడుకి ఊడే ముడి

నువ్వు నిన్న పదిమంది ముందు నా చేత అబద్ధం చెప్పించావు. ఫోన్లో అడిగితే నవ్వేసి పెట్టేస్తావు కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను.

మా బిస్ట్రో హోటల్లో గోడ నిండా నీ ఫోటోయే కదా, చేతిలో క్యారెట్ కట్టతో. కింద "ఇక్కడ వండేదంతా ఇరవై కిలోమీటర్ల లోపల పండిందే" అని రాయించారు. వండిన నేనే ప్లేటు తీసుకెళ్లి, "ఇవి మా అన్నయ్య తోటవండీ" అని చెప్పాలి. ఓనరు పెట్టిన పద్ధతి అది. నిన్న ఒక పెద్దావిడ ఆ మాట విని స్పూను పక్కన పెట్టింది.

"ఆరు నెలలుగా చుక్క వాన లేదు. మా పొలమూ అటువైపే. మీ అన్నయ్య కన్నీళ్లతో తడుపుతున్నాడా అమ్మాయ్?"

పక్క టేబుళ్ల వాళ్లు నవ్వారు. వంటింట్లోకి పరిగెత్తి కట్ట తెచ్చి ముడి చూపించాను. నాన్న ముడి. రెండు చుట్లు, కొస లోపలికి, ఒక్క లాగుడుకి ఊడిపోతుంది. అది మనిద్దరికే వచ్చు. ఆవిడ ముడి చూడనే లేదు. క్యారెట్ వాసన చూసి, "మట్టేదీ?" అంది.

ఆవిడ వెళ్లాక నేనూ చూశాను. మట్టి లేదు. విరిస్తే లోపలిదాకా ఐసులా ఉంది.

ఏం జరుగుతోంది?

నీ చెల్లెలు

* * *

ప్రియమైన మిరపకాయకి,

ఎంత ఘాటుగా రాశావే! కవరు చించగానే తుమ్మొచ్చింది. ముడి నాదే. నా చేతులతో వేసిందే. కడిగి పంపమన్నారు, అందుకే మట్టి ఉండదు. తినడానికి వచ్చినవాళ్లు సవాలక్ష అంటారు, నువ్వు ప్లేటు పెట్టి వచ్చేయ్, వాదనకి దిగకు. ఆ వంటింట్లో నీకు చోటు దొరకడానికి ఎన్ని గడపలు తొక్కామో గుర్తుందిగా.

ఈ నెల సెలవుకి ఇటు రాకు. రోడ్డంతా తవ్వేశారు, బస్సు తిరగడం లేదు. వీలు చూసుకుని నేనే వస్తాను. వేళకి తింటున్నావా? వండేవాళ్లు తినరు, నాకు తెలుసు.

ఎప్పుడూ నీ వైపే ఉండే
అన్నయ్య

* * *

రోడ్డు అద్దంలా ఉంది. బస్సు నన్ను సరిగ్గా తోట ముందే దింపింది. అదీ అబద్ధమే.

మోటారు షెడ్డు తాళం తుప్పు పట్టిపోయింది. క్యారెట్ మళ్లలో మోకాళ్ల దాకా కలుపు, అదీ ఎండిపోయింది. ఇంటికి తాళం. పక్కింటి పిన్నిని అడిగాను.

"మీ అన్నయ్యా? తెల్లారగానే వ్యాను వస్తుంది, ఎక్కిపోతాడు. ఇంత ఎండలో స్వెట్టరు తొడుక్కుని వెళ్తాడమ్మా! మనిషి బాగానే ఉన్నాడంటావా?"

నా గది సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. వంటింటి పైనే. కిటికీ తెరిస్తే పొగగొట్టం, మూస్తే ఊపిరాడదు. ఆ గదిలో పడుకుని, కనీసం మా అన్నయ్య ఆకాశం కింద ఉన్నాడులే అనుకునేదాన్ని.

స్వెట్టరు ఎందుకన్నయ్యా?

నీ చెల్లెలు

* * *

ప్రియమైన చెల్లికి,

బావి ఎండి ఐదు నెలలైంది. ఎండిన వారమే మీ ఓనరు దగ్గరికి వెళ్లాను. "నా దగ్గర పంట లేదండీ, ఫోటో దించెయ్యండి" అన్నాను. ఆయన కాఫీ ఇప్పించి, నెమ్మదిగా, "ఫోటో దించితే మీ చెల్లెల్నీ దించెయ్యాలి. తోట లేనివాడి చెల్లెలు టేబుల్ దగ్గర ఏం చెబుతుంది?" అన్నాడు.

ఆయనకి సరుకొచ్చే కోల్డ్ స్టోరేజీలోనే నన్ను పెట్టించాడు. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చిన క్యారెట్లకి నాన్న ముడి వేసి పంపుతున్నాను. మా చలిగదికి పిడి బయటివైపే ఉంది. పనయ్యాక తలుపు బాదితే తీస్తారు. ఒక్కోసారి వాళ్లకి వినపడదు. వేళ్లు మొద్దుబారిపోయాయి, కళ్లు మూసుకుని వేసే ముడిని ఇప్పుడు చూసుకుంటూ వేస్తున్నాను.

నువ్వు మాత్రం గొడవ చెయ్యకు. నీ పని పోతే నేను ఇన్నాళ్లు ఆ చలిలో నిలబడ్డదంతా దండగ.

అబద్ధం చెప్పిన
అన్నయ్య

* * *

వాడు మనిద్దర్నీ వెధవల్ని చేశాడు.

పెద్దావిడ వచ్చిన రోజే నేను ఓనర్ని నిలదీశాను. నీకు రాయలేదు. "నువ్వు చెప్పడం మానేస్తే మీ అన్నయ్య దగ్గర కొనడం మానేస్తాను. ఆయన తోట నీ నోటిమీద బతుకుతోంది" అన్నాడు. అన్నయ్యా, లేని తోటని చూపించి నన్ను బెదిరించాడు! ఎండిపోయిన మళ్లు నా కళ్లతో చూసి వచ్చాక కూడా చెప్పాను, ఎక్కడో నాలుగు సాళ్లు మిగిలే ఉంటాయనుకుని. ప్లేటు పెట్టిన ప్రతిసారీ చెప్పాను. నీ కోసం నేను, నా కోసం నువ్వు. మధ్యలో వాడు.

ఇక నా వల్ల కాదు. నీ వల్లా కాకూడదు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి నీ ఫోటో కింది టేబుల్ నా పేరు మీద తీసుకున్నాను. ఆ పెద్దావిడ ప్రతి ఆదివారం పక్క టేబుల్ దగ్గరే కూర్చుంటుంది. స్వెట్టరుతోనే రా. కట్ట తెచ్చి నీ ముందు పెడతాను. ముడి నువ్వే లాగు. దాన్ని ఎక్కడ నిలబడి వేశావో అందరికీ వినపడేలా నువ్వే చెప్పు. ఆ తర్వాత ఇద్దరం ముందు తలుపులోంచే వెళ్లిపోదాం. దాని పిడి లోపలివైపే ఉంది, చూశాను.

వస్తున్నావో లేదో గురువారం సాయంత్రానికల్లా నా చేతికి అందేలా రాయి. అందకపోతే ఆదివారం ఆ ముడి నేనొక్కదాన్నే లాగుతాను.