వద్దు, వద్దు అంటే చీనీ తోట తడవదు

నాయనా, నేను బాగానే ఉన్నాను, షిప్‌యార్డులో పనికి లోటు లేదు. బోరు మాట ఎత్తగానే ఫోన్ పెట్టేస్తున్నావు కాబట్టి కార్డు రాస్తున్నాను. పోస్టుమాన్ చదివినా నాకేం సిగ్గు లేదు.

నిన్న సింగపూరులో మా డార్మిటరీ క్యాంటీన్ టీవీలో లండన్ పార్లమెంటును చూపించారు. యూరప్ కూటమి నుంచి బయటికి పోతామని జనం ఓటేసి మూడేళ్లు కావస్తోంది. ఒప్పందంతో పోదామంటే సభ్యులు వద్దన్నారు, ఒప్పందం లేకుండా పోదామన్నా వద్దన్నారు, మళ్లీ జనాన్నే అడుగుదామన్నా వద్దే. మాతో వెల్డింగ్ చేసే పాలమూరు పెద్దయ్య అన్నం కలుపుతూ, "అన్నీ వద్దంటే మరేం గావాలెరా వీళ్లకు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నువ్వూ చిన్నాయనా చేస్తున్నదీ అదే. ఉమ్మడి బోరు వద్దంటావు, నీ వాటా వదలవు, పాత నీళ్ల వంతులకూ ఒప్పుకోవు. ఆయనా అంతే. మధ్యలో రెండు తోటల్లోనూ చీనీ చెట్లు ఎండుతున్నాయి.

అక్కడి ప్రధాని చివరికి ఎదుటి పార్టీని పిలిచి మాట్లాడుతోంది. "గీ పని మొదాలే జేయొచ్చు గద," అన్నాడు పెద్దయ్య.

పగటి కరెంటు వంతు చిన్నాయనకు ఇచ్చెయ్. రాత్రి వంతు మనం తీసుకుందాం. నువ్వు నిద్ర లేచి తోటకు పోనక్కర్లేకుండా మోటారుకు ఆటో స్టార్టరు పెట్టిస్తాను.

అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి నవత ఇంటర్ పాసయ్యిందా?

చిన్నమ్మకు నా దండాలు చెప్పు. ఫోన్లో కాదు, వాళ్లింటికి పోయి చెప్పు.

నీ కొడుకు ఓబులేసు