ఒక్క తీగ ఉంచాం

లింబాయత్, సూరత్
5 అక్టోబర్ 2025, ఆదివారం

చిరంజీవి ప్రసన్నకు,

మీ పద్మత్తమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం. మార్కండేయ స్వామి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. పుణెలో నువ్వు కూడా వేళకు తింటూ చల్లగా ఉన్నావని తలుస్తాను. సద్దుల బతుకమ్మ నాడు నీ పేరు తలచుకొని బంతిపూల వరుస ఒకటి ఎక్కువ పేర్చాను. మొన్న దసరా నాడు పనిముట్లకు పూజ చేసినప్పుడు నీ చిన్న చిత్రికకు కూడా బొట్టు పెట్టాను.

చేతిలో ఫోను పెట్టుకొని అత్తమ్మ ఉత్తరం రాయడమేమిటని నవ్వుతావు. పదో తరగతి పరీక్ష తరువాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే. ఫోనులో అయితే నాలుగు మాటలు విని, "బాపు ముచ్చట నాకు చెప్పకు అత్తమ్మా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు కదా. ఇంకో కారణం కూడా ఉంది, అది అడుగున రాస్తాను. ముందు సంబరం విను.

ప్రసన్నా, మన ఓంకార్ గిటార్లను ముంబై కంపెనీ కొంటున్నది! ఒకటి రెండు గిటార్లు కాదు, మొత్తం కార్ఖానానే. అన్ని రకాల వాద్యాలూ చేసే ఆ పెద్ద కంపెనీ మన లింబాయత్ సందులోకి నడిచి వచ్చింది. నడిచి అని ఎందుకన్నానంటే వాళ్ళ కారు మన సందులో దూరలేదు. షేర్ ఆటోల మధ్య కారు ఇరుక్కుంటే, వాళ్ళు దిగి బట్టల మూటలు తప్పించుకుంటూ వచ్చారు. నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క భయం.

అసలు కబురు తెలిసిన రోజు మాత్రం కార్ఖానాలో ఎవరమూ నవ్వలేదు. మీ బాపు అందరినీ కూర్చోబెట్టి, కంపెనీ వాళ్ళు అడుగుతున్నారు, నేను ఇస్తానన్నాను అని చెప్పి మళ్ళీ పనిలో పడ్డాడు. అంతే. పరుశురాం చేతిలోని ఉలి కింద పెట్టి, "కొన్నోళ్లు గీడ ఎందుకుంటరు? సామాన్లు ఎత్కపోయి తాళమేస్తరు. మనం మల్ల మగ్గాల కాడికే" అన్నాడు. తీగలు చుట్టే ఆడవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మగ్గాల షెడ్డు నుంచి బయటపడి ఇక్కడ నీడన కూర్చున్న వాళ్ళమే అందరం. వెంకటవ్వ ఒక్కతే, "ఏడ్సుడు రేపు ఏడుద్దాం, ఇయ్యాల తీగ తెగుతది" అని మిషన్ తిప్పింది. నేను ఆ వారమంతా పొద్దున్నే స్వామి గుడికి వెళ్ళి, ఈ పని ఇక్కడి నుంచి కదలకుండా చూడు తండ్రీ అని ఒక్కటే మొక్కుకున్నాను.

కంపెనీ తరఫున ముఖ్యంగా వచ్చింది హేతల్‌బెన్ అనే అమ్మాయి. నీ ఈడుదే ఉంటుంది. వడోదర పిల్లట. గిటారు మోగించి మంచి చెడ్డ చెప్పడమే ఆమె ఉద్యోగం. కూర్చోగానే మీ బాపును మొదటి నుంచీ చెప్పమంది. ఆయన సంగతి నీకు తెలుసు, ఎక్కువ మాట్లాడడు. జగిత్యాల నుంచి వచ్చి మగ్గాల షెడ్లలో పోగు మోసే నాడెను కొట్టే కర్రలు చెక్కేవాణ్ణని, ఒక నవరాత్రికి ఆర్కెస్ట్రా వాళ్ళు విరిగిన గిటారు తెస్తే అతికించానని, ముందుకంటే మంచిగా మోగిందని వాళ్ళే ఊరంతా చెప్పారని, మూడు ముక్కల్లో ముగించాడు. మిగతాది నేనే హిందీలో చెప్పాను. జరీ వాళ్ళు వదిలేసిన పాత మిషన్ కొని తెచ్చింది, పట్టు పోగు మీద చుట్టే వెండి పూత రాగితీగనే నైలాన్ పోగు మీద చుడితే గిటారు లావు తీగ అవుతుందని ఆయన కనిపెట్టింది, అంతా చెప్పాను. హేతల్‌బెన్ ఆ తీగను వేళ్ళ మధ్య పెట్టి చూసి, మా అమ్మమ్మ పెళ్ళి చీర అంచు ఇలాగే ఉంటుంది అని మురిసిపోయింది.

అంతలో ఒక గందరగోళం జరిగింది చూడు, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మన గిటారుకు తన సంచిలోని తీగలు వేసి చూస్తానని ఆ అమ్మాయి పాతవన్నీ గబగబా వదులు చేయసాగింది. ఐదు ఊడదీసింది. ఆరోదాని మీద చెయ్యి వేసిందో లేదో, వెంకటవ్వ లేచి వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగు బిడ్డా ఆగు! అన్ని తీస్తవా? ఒక్కటుంచు!"

పాపం హేతల్‌బెన్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. ముసలామెకు ఏదో అయిందనుకొని నీళ్ళు తెమ్మన్నది. వెనక నిలబడ్డ కంపెనీ పెద్దలు బిక్కమొహం వేశారు. వెంకటవ్వ చెయ్యి వదిలితేగా! "మొండి గిటారును నేను ముట్ట. అమ్ముకున్నా సరే, అమ్ముకోకున్నా సరే" అని పట్టుబట్టింది. అయిపోయింది, బేరం ఇక్కడే చెడింది అనుకున్నాను. చెమటలు తుడుచుకుంటూ నేనే సర్దిచెప్పాను. మా మగ్గాల మీద బట్ట అయిపోయినా పడుగు మొత్తం కోసేయమమ్మా, పాత పోగులు కొన్ని ఉంచి కొత్త పడుగు వాటికే అతుకుతాం, మగ్గం బోసిగా ఉండకూడదు, గిటారైనా అంతే, ఒక తీగ ఉంచి దాని పక్కన కొత్తవి వేసి, ఆ పాతదాన్ని ఆఖరున మారుస్తాం అన్నాను. ఆ పిల్ల ఆరోదాని మీద నుంచి చెయ్యి తీసింది. తరువాత వెంకటవ్వ చెప్పినట్టే చేసింది. కొత్త తీగలన్నీ వేసి, చివర మిగిలిన దాన్ని మార్చే ముందు ముసలామె వైపు చూసి తల ఊపి అనుమతి అడిగింది! వెంకటవ్వ రాణిలాగా, "ఇగ తియ్యి" అంది. కార్ఖానా అంతా ఒకటే నవ్వు.

ఆ తరువాత మీ బాపు తన పద్ధతిలో గిటార్లు చూపించాడు. ఈ మధ్య ఆయన గిటారును నిలువుగా పట్టుకొని, గడ్డం వంచి గదవ ఎముకను చెక్కకు గట్టిగా ఆనించి, కళ్ళు మూసుకొని తీగ మీటుతున్నాడు. నువ్వు ఉన్నప్పుడు ఇలా చేసేవాడు కాదు. హేతల్‌బెన్ అది చూసి, ఇంత తాదాత్మ్యం నేనెక్కడా చూడలేదు అని వీడియో తీసుకుంది. ఆ బొమ్మే పెద్దది చేసి ముంబై దుకాణంలో పెడతారట. వెంకటవ్వ ఊరుకుంటుందా, "పెండ్లాం బతికున్నప్పుడు గింత ప్రేమగ, పావురంగ దగ్గరికి తీసుకుంటె ఎంత బాగుండు" అనేసింది. అందరూ నవ్వారు. ఆయన కళ్ళు తెరవకుండా ఇంకో తీగ మీటాడు. నేను నవ్వలేకపోయాను. అది ఎందుకో తరువాత.

నిన్న శనివారం అసలు మాటలు జరిగాయి. వాళ్ళ షరతు ఇది: ఓంకార్ పేరు అలాగే ఉంటుంది, కార్ఖానా లింబాయత్‌లోనే ఉంటుంది, మా పని మాకు ఉంటుంది, కానీ గిటారు తీరు తెలిసిన ఇంటి మనిషి ఒకరు పెద్దగా నిలబడాలి. లేకపోతే సామాన్లన్నీ వాళ్ళ పెద్ద ఫ్యాక్టరీకి తరలిపోతాయి. మీరే ఉండండి అని బాపును బతిమాలారు. ఆయన వాళ్ళ పెదవుల వైపే చూస్తూ విని, ఉండనన్నాడు. కారణం అడిగితే చెప్పలేదు. హేతల్‌బెన్ ముఖం వాడిపోయింది. పరుశురాం నా చెవి దగ్గర, "ముసలాయన జిద్దుకు మనం మునుగుడే" అని గొణిగాడు. నేను కొంగులో చేతులు దాచుకొని స్వామి పేరు చెప్పుకుంటున్నాను.

అప్పుడు మీ బాపు లేచి, గోడకు వేలాడుతున్న గిటారు ఒకటి దించి బల్ల మీద పెట్టాడు. సన్నటి మెడ గిటారు, ప్రసన్నా! నువ్వు చేద్దామంటే ఆయన కాదన్నది, ఆ మాట మీదే నువ్వు పుణె వెళ్ళిపోయింది, ఆ సన్నటి మెడ. ఉగాది తరువాత మొదలుపెట్టి ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఒక్కడే చేశాడు. దానికి ఒకే ఒక్క తీగ వేసి ఉంది. హేతల్‌బెన్ ఆ మెడ చేతిలోకి తీసుకొని వేళ్ళు జరిపి చూసి, ఇది ఎవరి ఆలోచన అని అడిగింది.

"నా బిడ్డది. ప్రసన్న. పుణెల ఉన్నది. గీ మెడ ఎట్ల చెయ్యాల్నో నాకంటె దానికే ఎరుక. చేసిన, గని దాని లెక్క రాలే. నిలబడితే గదే నిలబడాలె."

నేను విన్నది విన్నట్టు రాశాను, ఒక్క మాట కలపలేదు. వెంకటవ్వ చప్పట్లు కొట్టింది. నేను హిందీలో చెప్పగానే హేతల్‌బెన్ నీ నంబరు రాసుకుంది. ఆ గిటారును కూడా ముంబై పంపమని అడిగితే, "అన్ని తీస్కపోండ్రి, గదొక్కటి తప్ప" అన్నాడు మీ బాపు.

రేపో ఎల్లుండో నీకు వాళ్ళ ఫోను వస్తుంది. దీపావళి అయ్యాక, ఇక్కడి వాళ్ళు దుకాణాలు మళ్ళీ తెరిచే లాభ్ పాంచమ్ నాడు సంతకాలు. నువ్వు ఊ అంటే మా సందులో పండుగ, కాదంటే కార్ఖానా లారీ ఎక్కుతుంది. నిన్ను బలవంతపెట్టను. నీ బతుకు నీది, పుణెలో నీ పని నీకు ఉంది. కానీ నాకు రాత్రి అన్నం కూడా సహించలేదు, దిగులుతో కాదు, సంతోషంతో. మీ బాపు పదిమంది ముందు నీ పేరు చెప్పాడు తల్లీ! వెంకటవ్వ అప్పుడే నువ్వు కూర్చునే పీట తుడిచి పెట్టింది. నీ జవాబు కోసం చూస్తుంటాను.

స్వామి నీకు మేలు చేయాలని కోరుతూ,
మీ అత్తమ్మ,
పద్మారాణి

తా.క. అడుగున రాస్తానన్న కారణం ఇది. నిరుడు రాఖీ నాడు మీ బాపు నాకు చీర పెట్టి, దానితో పాటు ఒక మాట అడిగాడు. స్వామి పటం ముందు, ఈ సంగతి ఎవరికీ నోటితో చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఈనాటి వరకు నోటితో చెప్పలేదు. చేత్తో రాస్తున్నాను. తప్పయితే స్వామి నన్నే అడుగుతాడు.

మీ బాపుకు చెవులు వినపడడం లేదమ్మా. పడుచుతనంలో ఆ మగ్గాల మోతలో గడిపిన ఏళ్ళు ఇప్పుడు వసూలు చేసుకుంటున్నాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి తెలుసుకుంటాడు. గదవను చెక్కకు ఆనిస్తే లావు తీగలు ఎముకకు తెలుస్తాయట, సన్న తీగలు అసలే తెలియవు. అవి నేనే పక్కన కూర్చొని సరిచేస్తున్నాను. అందుకే ఉండనన్నాడు. "చెవులు ఇనరాని మనిషి పేరు మీద పాటెట్ల అమ్ముత?" అని నాతో అన్నాడు.

ఫోనులో అయితే ఆయనకు ఏమీ తెలియదు. ఉగాది నాడు నువ్వు ఫోను చేసి, నేను సొంతంగా చేసిన సన్న మెడ గిటారు అమ్ముడుపోయింది బాపూ అని చెబితే, ఆయన "అన్నం తిన్నవా?" అని నాకు ఫోను ఇచ్చేశాడు. ఆ మాటకే కదా నువ్వు ఏడ్చి, ఫోన్లు మానేశావు. ఆయనకు ఒక్క ముక్క వినపడలేదు తల్లీ. ఏమడిగితే తప్పు కాదో అది అడిగాడు. ఆ సాయంత్రం నేను ఎదురుగా కూర్చొని నువ్వు చెప్పింది చెప్పాను. లేచి వెళ్ళి చెక్క వెతకడం మొదలుపెట్టాడు. ఆ గిటారుకు మిగతా ఐదు తీగలు ఎందుకు వేయవన్నా అని అడిగితే, "అవి బిడ్డ ఏస్తది. నాకు ఇనరావు, దానికి ఇనొస్తయి" అన్నాడు.

నీకు చెబుదామంటే మాత్రం ఒప్పుకోలేదు. "చెవిటోడని జాలి పడి రావద్దు. పనికోసం వస్తే రమ్మను" అంటాడు. కాబట్టి వస్తే పనికోసమే వచ్చినట్టు రా. వెలుగులో ఎదురుగా నిలబడి, మెల్లగా మాట్లాడు. ఈ కాగితాలు నీ పెట్టెలో దాచుకో, ఎవరికీ చూపకు. మీ బాపుకు అసలే చూపకు.