హాలంతా నవ్విన సినిమా

సాలూరు, 1968 ఆగస్టు, శుక్రవారం

అమ్మతో టూరింగ్ టాకీసుకు వెళ్లాను. అరవ హాస్య చిత్రం. వద్దంటున్న పిల్ల వెంట ఒక రౌడీ పూలు పట్టుకుని తిరుగుతాడు. మాటలు అర్థం కాకపోయినా హాలంతా పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. లారీ స్టాండును ఏలే సింహాచలం నెల రోజులుగా నా వెంట పడుతున్నాడు. వాడి లారీ ఏది వచ్చినా మా గుమ్మం ముందు హారన్ కొట్టందే పోదు.

ఇవాళ అమ్మకు చెప్పేద్దామనుకున్నాను. సినిమాలో ఆ పిల్ల చివరికి రౌడీనే పెళ్లాడింది. అమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "ఎంటపడితే పడ్డాడు గానీ, ఆడు మంచోడే కదేటే!" అంది. ఇంకేం చెబుతాను?

ఇప్పుడే వీధిలో హారన్ మోగింది. దీపం ఆర్పితే విన్నానని తెలిసిపోతుంది. ఆర్పకపోతే తన కోసమే మేలుకున్నాననుకుంటాడు.