బ్యాటరీ మీద నా పేరు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న ఎల్లారెడ్డిలో మన కారు స్టార్ట్ కాలేదు. "వైర్ల జోలికి పోకు బిడ్డా, కామారెడ్డి తమ్ముడు చూస్తడు" అనేవాడివి. నువ్వు తమ్ముడని పిలిచే ఆ మెకానిక్ పోయిన నెలే సర్వీసింగ్ చేశాడు. అనుమానమొచ్చి నేనే బానెట్ తెరిచాను. కొత్త బ్యాటరీ కొన్ననాడు నువ్వు మేకుతో దాని మీద 'కవిత' అని గీశావు. నా దగ్గర నువ్వు రాయడం నేర్చుకున్న ఒకే ఒక్క మాట అది. లోపలున్న బ్యాటరీ మీద ఆ పేరు లేదు.

బస్సెక్కి కామారెడ్డి వెళ్లాను. షెడ్డులో, బానెట్ తెరిచి ఉన్న అతని సొంత జీపులో మన బ్యాటరీ కనిపించింది.

"బ్యాటరీలన్నీ ఒక్కతీరుగనే ఉంటయి బిడ్డా" అన్నాడు.

"మరి దీని మీద నా పేరెందుకున్నది కాకా?"

బ్యాటరీ విప్పి ఇచ్చాడు. తెచ్చి నేనే బిగించాను. కారు స్టార్టయింది.

నీ పాడెకు మొదట భుజం పట్టింది అతనే బాపూ.